మహమ్మారి వేళ కంపెనీ బోర్డు, సామాజిక బాధ్యత: తరచుగా అడిగే ప్రశ్నలు

కోవిడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర స్థితిగా ప్రకటించింది. మార్చి 11న దాన్ని మహమ్మారి అంది. ఆ అత్యవసర స్థితి ముగిసిందని చెప్పింది 2023 మే 5న. ఈ మూడేళ్ళ పైచిలుకు కాలంలో కంపెనీలు ఏం చేశాయి, ఏం చేయలేదు అన్నది ఇప్పుడు నెమ్మదిగా కూర్చుని చదువుకోవచ్చు. డైరెక్టర్లు, కంపెనీ సెక్రటరీలు, హెచ్‌ఆర్ వాళ్ళు, చిన్న మదుపరులు, కామర్స్ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఆ అనుభవాల్లోంచే జవాబులు రాశాను.

కార్పొరేట్ గవర్నెన్స్ వేరు, సీఎస్‌ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) వేరు కదా. రెండిటినీ కలిపి ఎందుకు మాట్లాడాలి?

మామూలు రోజుల్లో వేరే. ఎవరు నిర్ణయిస్తారు, ఎవరికి జవాబు చెప్తారు అన్నది గవర్నెన్స్. అది బోర్డు గదిలో జరుగుతుంది. సీఎస్‌ఆర్ ఇంకో అంతస్తులో ఉంటుంది. బడి కట్టించడం, మొక్కలు నాటించడం, ఏడాది చివర ఫొటోలతో ఒక నివేదిక. ఈ రెండు విభాగాల వాళ్ళు ఏడాదికోసారి కూడా ఎదురుపడని కంపెనీలు ఉంటాయి.

జబ్బు వచ్చాక ఆ గోడ నిలవదు. జ్వరంతో ఉన్న కార్మికుడు సెలవు పెడితే జీతం కోస్తారా, కోయరా? కోస్తే అతను జ్వరం దాచుకుని పనికి వస్తాడు. పక్కవాళ్ళకు అంటుతుంది, పని ఆగిపోతుంది, జబ్బు బయట జనంలోకి పాకుతుంది. సెలవుల నిబంధన అనే ఒక్క కాగితంలో కార్మికుడి హక్కు, ఉత్పత్తి రిస్కు, చుట్టుపక్కల జనం ఆరోగ్యం మూడూ ఉన్నాయి. దాన్ని ఏ ఒక్క విభాగానికీ వదిలేయలేం. అది బోర్డు చూడాల్సిందే.

నా దృష్టిలో కంపెనీ బాధ్యత మొదట కనబడేది జీతాల పట్టీలో. విరాళం చెక్కు ఆ తర్వాతి మాట. కాంట్రాక్టు మనుషులకు డబ్బు ఎగ్గొట్టి సహాయ నిధికి చెక్కు రాసే కంపెనీది ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

కంపెనీ ఉన్నదే లాభం కోసం. మిగతావాళ్ళ గురించి ఆలోచించే అధికారం డైరెక్టర్లకు ఎక్కడిది?

ఈ వాదనకు పెద్ద దిక్కు అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. వ్యాపారానికున్న సామాజిక బాధ్యత లాభాలు పెంచుకోవడమేనని ఆయన 1970 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్‌లో రాశారు. ఆట నియమాలకు లోబడి అని కూడా అందులోనే ఉంది. ఆయన పేరు వాడుకునేవాళ్ళు ఆ ముక్క వదిలేస్తుంటారు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2019 ఆగస్టులో, అమెరికాలో పెద్ద కంపెనీల సీఈఓల సంఘమైన బిజినెస్ రౌండ్‌టేబుల్ తరఫున 181 మంది సీఈఓలు వాటాదారులతో పాటు ఉద్యోగులకు, కస్టమర్లకు, సరఫరాదారులకు, స్థానిక సమాజానికి కూడా కట్టుబడి ఉంటామని సంతకాలు చేశారు. ఏడు నెలలు తిరక్కుండానే పరీక్ష వచ్చిపడింది. కొందరు నెగ్గారు, కొందరు ఆ సంతకం మర్చిపోయారు.

చట్టం సంగతికొస్తే, చాలా దేశాల్లో ఈ తగాదా ఎప్పుడో సగం తేలిపోయింది. బ్రిటన్ 2006 కంపెనీల చట్టం 172వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్లు ఉద్యోగుల ప్రయోజనాలను, సరఫరాదారులతో సంబంధాలను, సమాజం మీద పడే ప్రభావాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. భారత 2013 చట్టం 166వ సెక్షన్ కూడా వాటాదారులతో పాటు ఉద్యోగులను, సమాజాన్ని, పర్యావరణాన్ని పేరు పెట్టి చెప్తుంది. కాబట్టి అధికారం ఉంది. వాడుకున్నారా లేదా అన్నదే ప్రశ్న.

సంక్షోభం మొదలైన వారంలో బోర్డు ముందుగా ఏం చూడాలి?

చేతిలో ఉన్న నగదు ఎన్ని వారాలకు వస్తుంది, జబ్బు అంటుకునే ప్రమాదం ఎవరికి ఎక్కువ. ఈ రెండూ తెలియకుండా ఏ నిర్ణయం తీసుకున్నా గుడ్డి లెక్కే. రెండో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు హెడ్ ఆఫీసు జాబితా సరిపోదు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, డెలివరీ, క్యాంటీన్ మనుషులు ఆ జాబితాలో ఉండరు. గేటు దగ్గర టెంపరేచర్ చూసే మనిషి పేరే అందులో ఉండదు!

చాలామందికి తట్టనిది ఇంకొకటుంది. సీఈఓకే జబ్బు చేస్తే? సీఎఫ్‌ఓ (ఆర్థిక విభాగం అధిపతి), ప్లాంట్ హెడ్ ఒకే వారంలో మంచాన పడితే? బ్యాంకులో సంతకం ఎవరు పెడతారు? వారసత్వ ప్రణాళిక అనగానే రెండు మూడేళ్ళ తర్వాతి పదవీ విరమణ గుర్తొస్తుంది. మహమ్మారిలో కావలసింది రేపటి పేరు. ప్రతి కీలక పదవికీ ఇద్దరు ప్రత్యామ్నాయాలు, వాళ్ళకు అధికారం ఇస్తూ ముందే చేసిన తీర్మానం ఉండాలి. ఆ ఇద్దరూ మొదటి మనిషితో ఒకే గదిలో కూర్చుని పనిచేయకూడదు.

మినిట్స్, అంటే సమావేశంలో ఏం తేల్చారో రాసే రికార్డు, మాత్రం వదలొద్దు. హడావిడిలో ఫోన్లో తేల్చేసి "తర్వాత రాసుకుందాం" అంటారు. రెండేళ్ళ తర్వాత ఎవరైనా కేసు వేసినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ రోజు మీకు ఏ సమాచారం ఉంది, ఏ ప్రత్యామ్నాయాలు చూశారు, ఎందుకు ఇదే ఎంచుకున్నారు అన్న నాలుగు వాక్యాలే.

అంటే డైరెక్టర్లు రోజువారీ పనుల్లో కూడా వేలు పెట్టాలా?

వద్దు. వారానికోసారి గంట సేపు వీడియోలో కలిసి అడగాల్సినవి అడగండి, చాలు. రోజుకు మూడుసార్లు సీఈఓకి ఫోన్ చేసే ఛైర్మన్ వల్ల కంపెనీకి ఒరిగేది టెన్షన్ తప్ప ఇంకేం లేదు.

ఇలాంటిది వస్తుందని ఎవరు ఊహిస్తారు? బోర్డును తప్పుపట్టడం న్యాయమా?

ఏ వైరస్, ఏ నెలలో అన్నది ఎవరూ ఊహించలేరు. మహమ్మారి అనేది వస్తుందన్నది మాత్రం ఊహించాల్సిన సంగతే. 2003లో సార్స్ వచ్చింది, 2009లో హెచ్1ఎన్1, 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. వింబుల్డన్ టెన్నిస్ నడిపే ఆల్ ఇంగ్లండ్ క్లబ్ సార్స్ తర్వాత తన ఇన్సూరెన్సులో మహమ్మారిని కూడా చేర్పించుకుని ఏటా ప్రీమియం కడుతూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొదటిసారి, 2020లో టోర్నీ రద్దయినప్పుడు ఆ పాలసీ ఆదుకుంది. అన్నేళ్ళూ ఆ ప్రీమియం చూసి "దండగ ఖర్చు" అన్నవాళ్ళు ఆ కమిటీలోనూ ఉండే ఉంటారు.

దీనికి పూర్తిగా అటువైపు ఉన్నది వేలాది చిన్న వ్యాపారాల కథ. వ్యాపార నష్టానికి పాలసీ ఉందనుకున్నారు, క్లెయిమ్ పెడితే ఇన్సూరెన్సు కంపెనీలు వర్తించదన్నాయి. బ్రిటన్‌లో ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021 జనవరి 15న తీర్పు చాలావరకు పాలసీదారులకు అనుకూలంగా వచ్చింది కానీ, ఈలోపు పది నెలలు గడిచిపోయాయి. పాలసీ ఉందా అని అడిగితే చాలదు, అందులో "అంటువ్యాధి" అన్న మాట ఎక్కడ, ఏ షరతుతో ఉందో ఆడిట్ కమిటీలో ఒకరైనా చదివి ఉండాలి.

జీ20, ఓఈసీడీ దేశాలు 2023లో సవరించిన గవర్నెన్స్ సూత్రాల్లో బోర్డులు చూడాల్సిన రిస్కుల మధ్య ఆరోగ్య సంక్షోభాలు కూడా చేరాయి. ఇకమీదట "ఊహించలేదు" అంటే వినేవాళ్ళు తక్కువ.

అలాంటి సమయంలో డివిడెండ్ ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదని అన్ని చోట్లా చట్టం లేదు. బ్యాంకుల విషయంలో నియంత్రణ సంస్థలే ముందుకొచ్చాయి. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ 2020 మార్చి 27న తన పరిధిలోని బ్యాంకులను డివిడెండ్లు, బైబ్యాక్‌లు (సొంత షేర్లు తిరిగి కొనడం) ఆపమని కోరింది. అమెరికాలో అదే రోజు సంతకమైన కేర్స్ చట్టం, ప్రభుత్వ రుణం తీసుకున్న పెద్ద కంపెనీలు బైబ్యాక్‌లు చేయకుండా షరతు పెట్టింది. ఆ షరతుకు ఒక నేపథ్యం ఉంది. అక్కడి పెద్ద విమానయాన సంస్థలు అంతకు ముందు పదేళ్ళలో మిగిలిన నగదులో అత్యధిక భాగం సొంత షేర్లు కొనడానికే వెచ్చించాయి. విమానాలు నేలకు దిగగానే ప్రభుత్వం దగ్గర చెయ్యి చాచాయి. మంచి రోజుల లాభం వాటాదారులది, చెడ్డ రోజుల నష్టం పన్ను కట్టేవాళ్ళది అన్నట్టు తయారైంది.

అలాగని డివిడెండ్ ఇచ్చిన ప్రతి బోర్డునూ దోషిని చేయలేం. ఆ డబ్బు మీద ఆధారపడేది పెద్ద పెట్టుబడిదారులే కాదు. పింఛను నిధులు, రిటైరైన మామూలు మనుషులు కూడా ఉంటారు. నేనైతే ఒక్కటే చూస్తాను. అదే మూడు నెలల్లో మనుషులను తీసేశారా, సరఫరాదారుల బిల్లులు ఆపారా, ప్రభుత్వ సాయం తీసుకున్నారా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా డివిడెండ్‌కు సమాధానం చెప్పుకోవడం కష్టం.

ప్రభుత్వ సాయానికి అర్హత ఉంది. తీసుకుంటే తప్పేముంది?

అర్హత వేరు, అవసరం వేరు. బ్రిటన్‌లో సూపర్ మార్కెట్లకు లాక్‌డౌన్ వల్ల అమ్మకాలు పెరిగాయి. అయినా అందరితో పాటు వాటికీ స్థానిక పన్ను మినహాయింపు వచ్చింది. టెస్కో ఆ మినహాయింపు తీసుకుంది, వాటాదారులకు డివిడెండ్ కూడా ఇచ్చింది. విమర్శలు వెల్లువెత్తాయి. చివరికి 2020 డిసెంబరులో 58.5 కోట్ల పౌండ్లు వెనక్కి ఇచ్చేస్తామని ప్రకటించింది. ఆ వెంటనే మిగతా పెద్ద సంస్థలు కూడా ఒకదాని వెనక ఒకటి అదే బాట పట్టాయి. అమెరికాలో షేక్ షాక్ అనే రెస్టారెంట్ల సంస్థ చిన్న వ్యాపారాల కోసం పెట్టిన పథకంలో కోటి డాలర్ల రుణం తీసుకుని, నిజంగా చిన్నవాళ్ళకు నిధులు అయిపోయాయని తెలిశాక 2020 ఏప్రిల్‌లో తిరిగిచ్చింది.

డెన్మార్క్ ఇంకో ప్రశ్న వేసింది. పన్ను ఎగవేతదారుల స్వర్గాల్లో రిజిస్టరైన కంపెనీలకు సాయం ఇవ్వబోమంది. ఖజానా నింపనివాడు ఖజానా ముందు వరుసలో నిలబడితే అడగరా మరి?

పై అధికారుల జీతాల మాటేమిటి?

జనం దీన్నే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారు. మారియట్ హోటళ్ళ సీఈఓ ఆర్నే సోరెన్సన్ 2020 మార్చిలో ఒక వీడియోలో, ఆ ఏడాది మిగిలిన నెలలకు తన జీతం తీసుకోనని, పై స్థాయి అధికారుల జీతాల్లో సగం కోస్తున్నామని చెప్పారు. అప్పటికే ఆయన క్యాన్సర్ చికిత్సలో ఉన్నారు. ఆ వీడియోలో చెప్పినదంతా చెడు వార్తే, అయినా వినేవాళ్ళకు ఈయన మనతో ఉన్నాడనిపించింది.

దీనికి పక్కన హెర్ట్జ్‌ను పెట్టి చూడండి. ఉత్తర అమెరికాలో పదివేల మందిని తీసేసిన ఈ కార్ల అద్దె సంస్థ 2020 మే 22న దివాలా పిటిషన్ వేసింది. దానికి కొద్ది రోజుల ముందే సుమారు 340 మంది అధికారులకు 1.62 కోట్ల డాలర్ల బోనస్ చెల్లించింది. మంచి అధికారులు వెళ్ళిపోకుండా అన్నది సంస్థ వాదన. చట్టం దానికి సందు ఇచ్చింది కూడా. చట్టం ఇచ్చిన సందులోంచి దూరడమా వద్దా అని ఆలోచించడానికే స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు.

జీతం కోత కన్నా కనబడకుండా జరిగేది లక్ష్యాల సవరణ. కోవిడ్ వల్ల టార్గెట్ అందదు కాబట్టి టార్గెట్టే దించేద్దాం అంటారు. జనరల్ ఎలక్ట్రిక్ బోర్డు 2020 ఆగస్టులో సీఈఓ ఒప్పందాన్ని అలా మార్చింది. మరుసటి ఏడాది వాటాదారుల సమావేశంలో జీతాల తీర్మానానికి సగానికి పైగా ఓట్లు వ్యతిరేకంగా పడ్డాయి. ఆ ఓటు సలహా మాత్రమే, కట్టుబడాలని లేదు. అయినా పరువు పోయింది. కింది ఉద్యోగి టార్గెట్‌ను కూడా అదే కారణంతో దించారా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, చాలా పారితోషిక కమిటీల నోరు మూతపడుతుంది.

మనుషులను తీసేయక తప్పకపోతే?

ఎలా తీసేశారన్నది అప్పుడు ముఖ్యం. ప్రయాణికులకు ఇళ్ళు, గదులు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ 2020 మే 5న దాదాపు 1,900 మందిని, అంటే సిబ్బందిలో నాలుగో వంతును తొలగించింది. అమెరికాలోని ఉద్యోగులకు 14 వారాల మూల వేతనం, సర్వీసులో ఉన్న ప్రతి ఏడాదికి ఇంకో వారం జీతం, ఏడాది పాటు ఆరోగ్య బీమా ఇచ్చింది. ఉద్యోగం పోయినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ వివరాలు ఇతర కంపెనీలు చూసేలా ఒక డైరెక్టరీ పెట్టింది. ఇదంతా చేసినా ఉద్యోగం పోయినవాడి బాధ పోదు. కానీ మహమ్మారి మధ్యలో ఆరోగ్య బీమా తెగిపోవడమంటే ఏమిటో ఆ బోర్డుకు అర్థమైంది.

అంతకు ముందు దశలు కూడా ఉన్నాయి. కొత్త నియామకాలు ఆపడం, పై నుంచి కిందికి మెట్లు మెట్లుగా జీతం కోయడం, పని గంటలు పంచుకోవడం. కోత పై నుంచి మొదలైతే కింది మనిషి భరిస్తాడు. అదే కింది నుంచి మొదలుపెడితే ఎవరూ నమ్మరు.

కాంట్రాక్టు కార్మికులు మా ఉద్యోగులు కారు. వాళ్ళ బాధ్యత కాంట్రాక్టర్‌ది కాదా?

కాగితం మీద కాంట్రాక్టర్‌దే. వైరస్ మాత్రం కాగితం చూడదు.

జర్మనీలో టోనీస్ అనే మాంసం సంస్థ ప్లాంటులో 2020 జూన్‌లో 1,500 మందికి పైగా కార్మికులకు కోవిడ్ సోకింది. వాళ్ళలో ఎక్కువమంది తూర్పు యూరప్ నుంచి సబ్ కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవాళ్ళు. ఇరుకు గదుల్లో ఉండేవాళ్ళు, ఒకే వాహనంలో పనికి వచ్చేవాళ్ళు. చల్లటి హాలులో భుజం భుజం రాసుకుంటూ పని. ప్లాంటు మూతపడింది, చుట్టుపక్కల జిల్లా మొత్తానికి మళ్ళీ ఆంక్షలు వచ్చాయి. కార్మికుల చిరునామాలు కూడా సంస్థ దగ్గర సరిగ్గా లేవని అధికారులు మండిపడ్డారు. 2021 జనవరి 1 నుంచి పెద్ద మాంసం సంస్థలు పశువధ, మాంసం కోత లాంటి అసలు పనులకు సబ్ కాంట్రాక్టు మనుషులను పెట్టుకోకూడదని జర్మనీ చట్టం చేసింది. కాంట్రాక్టర్ నెత్తిన వేసి తప్పించుకున్న బాధ్యత చట్టమై తిరిగొచ్చింది.

మలేసియాలో టాప్ గ్లోవ్‌ది ఇంకా విచిత్రమైన పరిస్థితి. ప్రపంచంలోనే పెద్ద గ్లోవ్స్ తయారీదారు, మహమ్మారిలో రికార్డు లాభాలు. డాక్టర్లను, నర్సులను వైరస్ నుంచి కాపాడే వస్తువు చేసే కార్మికులే ఇరుకు వసతి గృహాల్లో జబ్బున పడ్డారు. 2020 జులైలోనే నిర్బంధ కార్మికుల వాడకం ఆరోపణలతో అమెరికా కస్టమ్స్ సంస్థ సరుకును ఆపింది. నవంబరులో వేల మందికి కోవిడ్ సోకడంతో ఫ్యాక్టరీలను దశలవారీగా మూయించారు. వలస కార్మికుల దగ్గర ఏజెంట్లు గుంజిన ఫీజులు కంపెనీ తిరిగి కట్టి, వసతి మెరుగుపరిచాకే, 2021 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశారు. వసతికి ముందే ఖర్చు పెట్టి ఉంటే దానికన్నా ఎంతో తక్కువలో పోయేది.

బోర్డు అడగాల్సినవి పెద్ద పెద్ద సిద్ధాంతాలేమీ కావు. వాళ్ళు ఎక్కడ నిద్రపోతున్నారు? పనికి ఎలా వస్తున్నారు? జబ్బు చేస్తే ఆ రోజు కూలి వస్తుందా?

ఆర్డర్లు రద్దు చేసుకునే హక్కు ఒప్పందంలో ఉంది. వాడుకోవచ్చు కదా?

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో పెద్ద దుస్తుల బ్రాండ్లు బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలకు ఇచ్చిన ఆర్డర్లలో దాదాపు 300 కోట్ల డాలర్ల విలువైనవి రద్దు చేశాయి, లేదా ఆపేశాయి. చాలావరకు అప్పటికే గుడ్డ కొన్నవి, కుట్టినవి, పెట్టెల్లో సర్దినవి. ముడిసరుకు డబ్బు ఫ్యాక్టరీ పెట్టుకుంటుంది, బ్రాండ్ డబ్బు చివర్లో ఇస్తుంది. ఆ పద్ధతిలో రద్దు అన్న మాటకు అర్థం నష్టమంతా కింద ఉన్నవాడి మీదికి నెట్టేయడం. ఆ కింద ఇంకా కింద కుట్టు మిషన్ దగ్గర కూర్చున్న మనిషి ఉంది.

తయారైన, తయారవుతున్న సరుకుకు ఒప్పుకున్న ధర చెల్లిస్తామని హెచ్అండ్ఎమ్ ముందుగా చెప్పింది. తర్వాత కార్మిక సంఘాల ఒత్తిడితో ఇంకొన్ని బ్రాండ్లు దిగొచ్చాయి. అనివార్య పరిస్థితుల క్లాజు కోర్టులో నిలబడుతుందా లేదా అన్నది లాయర్లు చూసుకుంటారు. ఆ క్లాజు వాడితే మన సరఫరాదారు బతికి ఉంటాడా అన్నది డైరెక్టర్లు చూడాలి. వాడే లేకపోతే గిరాకీ తిరిగొచ్చాక సరుకు ఎవరిస్తారు?

విరాళాలు, సీఎస్‌ఆర్ ఖర్చు: ఏది లెక్కలోకి వస్తుంది?

చాలా దేశాల్లో సీఎస్‌ఆర్ కంపెనీ ఇష్టం. భారత్‌లో నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలని 2014 ఏప్రిల్ నుంచి చట్టం ఉంది. కోవిడ్ పనుల మీద ఖర్చును సీఎస్‌ఆర్‌గా పరిగణిస్తామని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2020 మార్చి 23న చెప్పింది. ఏప్రిల్ 10న ఇచ్చిన వివరణ ఇంకా ఆసక్తికరం. లాక్‌డౌన్‌లో ఉద్యోగులకు, కాంట్రాక్టు కార్మికులకు జీతం ఇవ్వడం యజమాని ధర్మం, దాన్ని సీఎస్‌ఆర్ కింద చూపకూడదు అంది. తాత్కాలిక, దినసరి కార్మికులకు జీతం మీద అదనంగా ఇచ్చిన సాయానికి మాత్రం ఒక్కసారికి మినహాయింపు ఇచ్చింది. జీతాన్ని దానంగా రాసుకునే సరదా కొందరికి కలుగుతుందని ఆ శాఖకు తెలుసన్నమాట.

డబ్బు కన్నా మన దగ్గర ఉన్న యంత్రం, నైపుణ్యం ఎక్కువ పనికొచ్చిన సందర్భాలున్నాయి. ఖరీదైన వస్తువుల ఫ్రెంచి సంస్థ ఎల్‌వీఎమ్‌హెచ్ 2020 మార్చి మధ్యలో తన పరిమళద్రవ్యాల ఫ్యాక్టరీల్లో శానిటైజర్ తయారుచేసి ఫ్రాన్స్ ఆసుపత్రులకు ఉచితంగా ఇచ్చింది. వైద్య పరికరాల సంస్థ మెడ్‌ట్రానిక్ తన పీబీ560 వెంటిలేటర్ డిజైన్లను ఆ నెలాఖరులో అందరికీ తెరిచిపెట్టింది. అయితే డిజైన్ ఉచితంగా దొరికితే వెంటిలేటర్ తయారైపోదు. విడిభాగాలు, పరీక్షలు, అనుమతులు, దాన్ని నడిపే మనిషి కావాలి. ఆసుపత్రి ఏం అడుగుతోందో కనుక్కోకుండా పంపిన సామాను స్టోర్ రూములో దుమ్ము పట్టిపోతుంది.

మందులు, టీకాల కంపెనీలకు వేరే కొలత ఉండాలా?

ఉండాలనే అంటాను. వాటి చేతిలో ఉన్నది జనం ప్రాణం, పైగా పరిశోధనలో ప్రజల డబ్బు ఉంది. గిలియడ్ అనే అమెరికా మందుల కంపెనీ అనుభవం చూడండి. కోవిడ్‌కు పనికొస్తుందేమోనని పరీక్షిస్తున్న దాని మందు రెమ్‌డెసివిర్‌కు అమెరికాలో అరుదైన వ్యాధుల మందు హోదా 2020 మార్చి 23న వచ్చింది. రెండు లక్షల మంది లోపు రోగులుండే జబ్బులకు ఇచ్చే ఆ హోదాతో ఏడేళ్ళ ప్రత్యేక హక్కులు వస్తాయి. లెక్క ప్రకారం ఆ రోజుకు రోగుల సంఖ్య తక్కువే. ప్రపంచమంతా పాకుతున్న జబ్బును అరుదైనదంటారా అని గగ్గోలు రేగింది. రెండు రోజుల్లో కంపెనీయే ఆ హోదా వద్దని రాసింది.

ఆస్ట్రాజెనెకా మహమ్మారి కాలంలో టీకాను లాభం లేకుండా ఇస్తామంది, 2021 నవంబరులో కొద్దిపాటి లాభం వైపు మళ్ళింది. ఫైజర్‌కు ఆ ఒక్క ఏడాదే టీకా మీద సుమారు 3,680 కోట్ల డాలర్ల రాబడి వచ్చింది. మోడెర్నా మహమ్మారి ఉన్నంతకాలం తన పేటెంట్ల మీద కేసులు వేయనని 2020 అక్టోబరులో మాటిచ్చింది. తయారీ మెళకువ చేతికి ఇవ్వకుండా పేటెంటు ఒక్కటే వదిలేస్తే ఆ మాట సగమే. అదే నెలలో భారత్, దక్షిణాఫ్రికా మేధో హక్కుల సడలింపు కోరాయి. ప్రపంచ వాణిజ్య సంస్థలో 2022 జూన్ 17న ఏదో ఒకటి తేలేసరికి అది టీకా పేటెంట్లకే పరిమితమైంది. అప్పటికి టీకాల కొరత కూడా చాలావరకు తీరిపోయింది.

లాభం తీసుకోకూడదని నేననను. పేద దేశానికి ఎప్పుడు, ఎంత ధరకు, ఎన్ని డోసులు అన్న ప్రణాళిక మందు తయారు కాకముందే బోర్డు బల్ల మీద ఉండాలంటాను.

వాటాదారులకు ఎంత చెప్పాలి? అన్నీ చెప్తే షేరు పడిపోదా?

చెప్పకపోతే ఇంకా పడుతుంది, పైగా జరిమానా. చీజ్‌కేక్ ఫ్యాక్టరీ అనే అమెరికా రెస్టారెంట్ల సంస్థ 2020 వసంతంలో తమ దుకాణాలు నిలకడగా నడుస్తున్నాయని ప్రకటించింది. లోపలి లెక్కల్లో మాత్రం వారానికి 60 లక్షల డాలర్లు కరిగిపోతున్నాయి, పదహారు వారాలకే నగదు మిగిలింది. అక్కడి సెక్యూరిటీల నియంత్రణ సంస్థ డిసెంబరులో 1,25,000 డాలర్ల జరిమానా వేసింది. మొత్తం చిన్నదే, కోవిడ్ వెల్లడుల విషయంలో అది మొదటి కేసు. తెలియనిది తెలియదని చెప్పడం తప్పు కాదు. తెలిసినదాన్ని తీపి మాటల్లో చుట్టడమే తప్పు.

ఇన్‌సైడర్ ట్రేడింగ్, అంటే లోపలి సమాచారం ముందే తెలుసుకుని షేర్లు కొనడం, అమ్మడం కూడా ఇక్కడే వస్తుంది. టీకా ఫలితం, ప్లాంటు మూత, ప్రభుత్వ కాంట్రాక్టు లాంటి వార్తలు ఆ రోజుల్లో ఎక్కువమందికి ముందే తెలిసేవి. ఫైజర్ టీకా ఫలితాలు వెలువడిన 2020 నవంబరు 9న సంస్థ సీఈఓ సుమారు 56 లక్షల డాలర్ల షేర్లు అమ్మారు. ఆగస్టులోనే ఖరారైన ప్లాన్ ప్రకారం తనంతట తాను జరిగిన అమ్మకం అది, నిబంధనలకు లోబడే ఉంది. చూసేవాళ్ళకు మాత్రం ఎబ్బెట్టుగా అనిపించింది. 2022 డిసెంబరులో అమెరికా ఆ నిబంధనలు బిగించింది. ఇప్పుడు డైరెక్టర్లు, పై అధికారులు ప్లాన్ పెట్టుకున్నాక కనీసం 90 రోజులు ఆగాలి.

ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?

చాలా దేశాలు 2020లో హడావిడిగా అనుమతించాయి, జర్మనీ లాంటివి తర్వాత శాశ్వతం చేశాయి. దూరాన ఉన్న చిన్న వాటాదారుకు ఇది మేలే. ఇబ్బంది ఒక్కచోటే: ప్రశ్నలను కంపెనీ ముందుగా వడపోసి, తనకు నచ్చినవే చదివితే అది సమావేశం కాదు, ప్రసారం. వచ్చిన ప్రశ్నలన్నీ జవాబులతో సహా వెబ్‌సైట్‌లో పెట్టండి.

టీకా వేసుకుంటేనే ఉద్యోగం అనొచ్చా? ఉద్యోగి ఆరోగ్య వివరాలు అడగొచ్చా?

దేశం చట్టాన్ని బట్టి ఉంటుంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2021 ఆగస్టులో అమెరికాలోని తన ఉద్యోగులకు టీకా తప్పనిసరి చేసింది. వందమంది, అంతకు మించి ఉన్న సంస్థలన్నిటికీ టీకా లేదా పరీక్ష నియమం పెట్టాలని అక్కడి ప్రభుత్వం చూస్తే సుప్రీంకోర్టు 2022 జనవరి 13న ఆపేసింది. అంటే కంపెనీ తనంతట తాను పెట్టుకోవడం వేరు, ప్రభుత్వం అందరి మీదా రుద్దడం వేరు.

ఆరోగ్య వివరాల విషయంలో మాత్రం సూత్రం ఎక్కడైనా ఒకటే. అవసరమైనంతే అడగండి, చూడాల్సినవాళ్ళకే చూపండి, పని అయ్యాక చెరిపేయండి. ఫలానా మనిషికి పాజిటివ్ వచ్చిందని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టే మేనేజరు చేసిన హాని వైరస్ చేసిన హానికి తీసిపోదు.

మాది చిన్న కంపెనీ. ఇదంతా మాకు వర్తిస్తుందా?

కమిటీలు అక్కర్లేదు. జీతంతో సెలవు, నగదు లెక్క, మీరు మంచాన పడితే తాళాలు ఎవరి దగ్గర ఉంటాయన్న సంగతి. ఈ మూడూ ఒక పేజీలో రాసిపెట్టుకోండి.

సంక్షోభం తగ్గాక బోర్డుకు ఏం పని మిగిలి ఉంటుంది?

ముందుగా, అత్యవసరంగా ఇచ్చిన అధికారాలు వెనక్కి తీసుకోవాలి. సీఈఓకి పెంచిన ఖర్చు పరిమితి, ఇద్దరికి బదులు ఒక్కరి సంతకం లాంటివి ఎవరూ గుర్తుచేయకపోతే ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి. తీర్మానంలోనే గడువు తేదీ రాస్తే ఈ బాధ ఉండదు. తర్వాత, ఏ నిర్ణయం బెడిసికొట్టిందో బయటి మనిషితో సమీక్ష చేయించండి. లోపలివాళ్ళు చేస్తే అది అభినందన సభ అవుతుంది.

నియమాలు కూడా మారుతున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 జూన్‌లో సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని పరిస్థితులను పనిలో ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సభ 2025 మే 20న మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. మహమ్మారి అత్యవసర స్థితిలో, సూక్ష్మజీవుల నమూనాలు పంచుకునే ఏర్పాటులో చేరిన తయారీదారులు టీకాలు, మందులు, పరీక్ష కిట్ల ఉత్పత్తిలో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలని, అందులో కనీసం సగం విరాళంగా ఇవ్వాలని ఆ ఒప్పందం చెప్తోంది. ఏ సూక్ష్మజీవి నమూనా ఎవరు పంచుకోవాలి, బదులుగా ఎవరికి ఏం దక్కాలి అన్న వివరాలను విడిగా ఒక అనుబంధంలో తేల్చుకోవాలని అప్పుడే అనుకున్నారు. మందుల కంపెనీలో డైరెక్టరుగా ఉంటే ఆ అనుబంధాన్ని వచ్చే బోర్డు సమావేశం ఎజెండాలో పెట్టించండి.